ఫోను మనదే... మరి తాళంచెవి?

*భద్రంగా ఉండాలి, చెడితే బాగుపడాలి, కొన్నవాడి మాట వినాలి. ఈ మూడూ ఒకే ఫోనులో కుదరవని కంపెనీలు చెబుతూ వస్తున్నాయి. నిజంగానే కుదరవా? సూరత్ తెలుగు మరమగ్గాల వాడల నుంచి ఐరోపా చట్టాల దాకా ఓ పరిశీలన.*

సూరత్‌లోని లింబాయత్‌లో సాయంత్రం ఏడయ్యేసరికి పవర్‌లూమ్ ఖాతాల (మగ్గాల షెడ్ల) ముందు మనుషులు మారతారు. పగటి డ్యూటీ దిగినవాళ్లు జుట్టుకూ కనుబొమలకూ పట్టిన నూగు దులుపుకుంటూ బయటికి వస్తారు. రాత్రి డ్యూటీవాళ్లు టిఫిను డబ్బాతో లోపలికి పోతారు. సందు మలుపులో ఒక్క మనిషి పట్టే మొబైల్ దుకాణానికి గిరాకీ మొదలయ్యేది అప్పుడే. బల్లమీద వేడిగాలి గన్ను, భూతద్దం, అయస్కాంతపు పలకమీద వరసగా పేర్చిన నువ్వుగింజంత స్క్రూలు. వచ్చిన ఫోను చార్జింగ్ సాకెట్లో సూది పెట్టి తిప్పితే పాలిస్టర్ నూగూ నూనె మడ్డీ కలిసి గట్టిపడిన నల్లటి ఉండ బయటికొస్తుంది. అది తీశాక చాలా ఫోన్లు మళ్లీ చార్జింగ్ ఎక్కుతాయి. ఎక్కకపోతే "చార్జింగ్ బోర్డు మార్చాలె అన్నా" అంటారు, తెర పగిలితే "ఫోల్డరే పోయింది" అంటారు. ఆ వెంటనే వచ్చే ప్రశ్న "కంపెనీదా, కాపీదా?" అన్నదే. ధర విన్నాక ఫోను చేతిలోకి తీసుకుని ఆలోచనలో పడేవాళ్లే ఎక్కువ. మూడేళ్ల కిందటి ఫోనుకు అంత ఖర్చు పెట్టాలా, కొత్తది కొనాలా? ఊళ్లో అమ్మకు పంపే డబ్బూ, శేఠ్‌తో తేల్చుకోవలసిన మీటర్ల లెక్క ఫొటోలూ, పిల్లల బడి గ్రూపూ అన్నీ ఆ పగిలిన తెర వెనకే ఉన్నాయి మరి.

కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి మగ్గాన్ని నమ్ముకుని దశాబ్దాల కిందటే సూరత్ చేరిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, ఉధనా చుట్టుపక్కల పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు నడుపుతోందంటే ఆ సంఖ్య ఎంతో ఊహించుకోవచ్చు. ఈ నగరంతో మనకు మరో ముడి కూడా ఉంది. రింగ్‌రోడ్డు బట్టల మార్కెట్ల నుంచి వాట్సాప్‌లో వచ్చే చీరల ఫొటోలు చూసి, నచ్చినవి తెప్పించి, ఇంటి దగ్గరే అమ్ముకునే ఆడవాళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లో ఊరూరా ఉన్నారు. వాళ్లకు దుకాణమూ ఫోనే, గల్లాపెట్టే ఫోనే. కాబట్టి ఏ ఫోను కొనాలన్న ప్రశ్న వీళ్లకు మోజు కోసం వచ్చేది కాదు, బతుకుతెరువుకు సంబంధించింది.

ఆ ప్రశ్నను 2025 మరింత ముందుకు తెచ్చింది. మేలో, ఫోన్లకు మరమ్మతు సౌలభ్య సూచిక ఉండాలంటూ భరత్ ఖేరా నాయకత్వంలోని కమిటీ కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖకు నివేదిక ఇచ్చింది. ఆగస్టులో, పేరూ వివరాలూ తమ దగ్గర నమోదు చేసుకోని డెవలపర్ల యాప్‌లను ఆండ్రాయిడ్ ఫోన్లలో పెట్టుకోనివ్వబోమని గూగుల్ ప్రకటించింది. నవంబరు 28న, ప్రతి కొత్త ఫోనులోనూ సంచార్ సాథీ అనే ప్రభుత్వ యాప్ ముందే ఉండాలని టెలికాం శాఖ కంపెనీలను ఆదేశించింది. గగ్గోలు రేగడంతో డిసెంబరు 3న వెనక్కి తీసుకుంది. మొదటిది మరమ్మతు గురించి, మిగతా రెండూ భద్రత పేరిట. మూడింటి అడుగునా ఉన్న ప్రశ్న మాత్రం ఒకటే: డబ్బు పెట్టి కొన్న వస్తువు మీద పెత్తనం ఎవరిది?

భద్రత కావాలంటే మరమ్మతూ పెత్తనమూ వదులుకోక తప్పదన్నది కంపెనీల వాదన. దాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం గానీ, ఉన్నదున్నట్టు ఒప్పుకోవడానికీ లేదు. ఫోనులో ఎన్నో తాళాలుంటాయి. వాటిలో యజమాని చేతికి చెవి ఇచ్చినవి ఉన్నాయి, ఇవ్వనివి ఉన్నాయి. మొదటి రకం భద్రత కోసమే అని నమ్మవచ్చు. రెండో రకం ఎందుకు అవసరమో నిరూపించవలసిన బాధ్యత తాళం వేసినవాళ్లదే. ఇంతకాలం ఆ లెక్క వాళ్లను ఎవరూ అడగలేదు.

మొదట చూడాల్సింది తేదీ

దుకాణంలో కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో చెబుతారు, బ్యాటరీ ఎన్ని ఎంఏహెచ్‌లో చెబుతారు. భద్రతా అప్‌డేట్లు ఏ సంవత్సరం, ఏ నెలతో ఆగిపోతాయో మాత్రం అడిగినా చెప్పేవాళ్లు తక్కువ. అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసింది అదే. మన దేశంలో నూటికి తొంభైకి పైగా ఫోన్లు ఆండ్రాయిడ్‌వి. ఆండ్రాయిడ్‌లో కొత్తగా బయటపడ్డ లోపాల జాబితాను గూగుల్ దాదాపు నెలనెలా అందరికీ కనబడేలా ప్రచురిస్తుంది. అప్‌డేట్ అందిన ఫోనులో ఆ కంత పూడిపోతుంది. అందని ఫోనుకు పరిస్థితి మునుపటికన్నా అధ్వానమవుతుంది, ఎందుకంటే కంత ఎక్కడుందో ఇప్పుడు దొంగలకూ తెలుసు. పైకి ఆ ఫోను నిక్షేపంలా ఉంటుంది, పాటలు పాడుతుంది, యూపీఐ పనిచేస్తుంది. అప్‌డేట్లు ఆగిపోయిన సంగతి యజమానికి ఎవరూ చెప్పరు.

ఇందులో చాలామంది పట్టించుకోని కిటుకు ఒకటుంది. "నాలుగేళ్ల అప్‌డేట్లు" అన్న హామీ సాధారణంగా ఆ మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి లెక్క, మనం కొన్న రోజు నుంచి కాదు. రెండేళ్ల కిందటి మోడల్ పండగ ఆఫర్లో సగం ధరకు వచ్చిందని కొంటే, హామీలో సగం అప్పటికే కరిగిపోయి ఉంటుంది. పాత ఫోన్లు కొనేవాళ్లకు ఈ లెక్క ఇంకా ముఖ్యం. కంపెనీల మధ్య తేడాలూ చిన్నవి కావు. 2023 అక్టోబరులో పిక్సెల్ 8తో గూగుల్, 2024 జనవరిలో ఎస్24తో శాంసంగ్ ఏడేళ్ల హామీ ఇచ్చాయి. అవి ఖరీదైన ఫోన్లు. అయితే 2024 అక్టోబరులో సుమారు 19 వేల రూపాయలకు వచ్చిన గెలాక్సీ ఏ16 5జీకి ఆరేళ్ల హామీ ఉంది. అదే ఏడాది జులైలో వచ్చిన సీఎంఎఫ్ ఫోన్ 1 వెనక మూతను స్క్రూలు తిప్పి మనమే మార్చుకునేలా చేశారు, భద్రతా అప్‌డేట్లు మాత్రం మూడేళ్లకే. విప్పడానికి వీలున్నంత మాత్రాన ఎక్కువకాలం బతుకుతుందని కాదు.

రెక్కాడితే గానీ డొక్కాడనివాడు పదివేల ఫోనే కొంటాడు గానీ ఇరవై వేలు ఎక్కడ తెస్తాడన్న ఆక్షేపణ వస్తుంది, న్యాయమైనదే. లెక్క వేసి చూద్దాం. మూడేళ్లు నడిచే పదివేల ఫోను ఏడాదికి 3,300 పైచిలుకు పడుతుంది. 19 వేల ఫోను ఆరేళ్లు నడిస్తే ఏడాదికి 3,200లోపే. మధ్యలో ఒకసారి బ్యాటరీ మార్చుకున్నా రెండూ ఇంచుమించు సమానమవుతాయి. ఆరేళ్లూ రక్షణ ఉండటం అదనం. అయితే ఈ లెక్క నిలబడాలంటే రెండు షరతులున్నాయి. ఆ ఫోను ఆరేళ్లు బాగుచేయించుకోవడానికి వీలుగా ఉండాలి. మొదటిరోజే 19 వేలు చేతిలో ఉండాలి. మొదటి షరతు మరమ్మతు సంగతి. రెండోది మనల్ని కిస్తీల దగ్గరికి, అక్కణ్నించి ఫోను మీద పెత్తనం దగ్గరికి తీసుకెళ్తుంది.

బాక్సు: కొట్టు దిగేముందే ఇవి చూడండి

● సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ తెరిచి, ఆండ్రాయిడ్ వెర్షన్ కింద భద్రతా అప్‌డేట్ తేదీ చూడండి. కొత్త ఫోనులోనే అది ఆరు నెలల పాతదైతే ఆ కంపెనీ అలవాటు అర్థమైనట్టే.

● *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ కనిపిస్తుంది. అది పెట్టె మీదా బిల్లు మీదా ఒకటే ఉండాలి. కేవైఎం అని ఆంగ్ల అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కు సందేశం పంపితే ఫోను వివరాలు తిరిగి వస్తాయి. సెకండ్‌హ్యాండ్ ఫోనుకు ఇది తప్పనిసరి.

● ఈ మోడల్‌కు బ్యాటరీ, ఫోల్డరు కంపెనీ ధర ఎంతో అడగండి. మీ వాడలోని మెకానిక్కును కూడా ఒక మాట అడగండి. ఏ మోడల్ సామాను దొరుకుతుందో, ఏది దొరకదో ప్రకటనలకన్నా అతనికే బాగా తెలుసు.

● జీమెయిల్ ఖాతా మీరే తెరవండి. పాస్‌వర్డ్ ఇంట్లో కాగితం మీద రాసి పెట్టుకోండి.

మగ్గానికి దొరికే సామాను ఫోనుకు దొరకదు

సూరత్ మరమగ్గాల నగరం. ఇక్కడ దశాబ్దాల నాటి మగ్గాలు ఇంకా ఆడుతున్నాయంటే వాటి ఇనుము గొప్పతనం ఒక్కటే కారణం కాదు. అరిగిన పళ్లచక్రం, తెగిన పట్టా, విరిగిన పికింగ్ కర్ర ఏదైనా అదే ఊళ్లో దొరుకుతుంది. విప్పి బిగించే జాబర్ అదే ఖాతాలో ఉంటాడు. కొత్త చక్రం వేశాక మగ్గం ఆడాలంటే తయారుచేసిన కంపెనీ ఒప్పుకోవలసిన పనిలేదు. అదే మగ్గం నడిపేవాడి జేబులోని ఫోను కథ వేరు. బ్యాటరీ జిగురుతో అతికించి ఉంటుంది. తెర, గాజు, టచ్ కలిపి ఒకే ముక్క. కొన్ని మోడళ్లలో అసలు విడిభాగమే వేసినా, కంపెనీ సాఫ్ట్‌వేర్ దాన్ని ఆ ఫోనుకు జతకలిపితే తప్ప ఏదో ఒక సదుపాయం పనిచేయదు, లేదా "గుర్తించలేని భాగం" అన్న హెచ్చరిక పోదు.

దీనికి కంపెనీలు చెప్పే కారణం భద్రతే. అందులో కొంత నిజముంది. వేలిముద్ర సెన్సర్‌నే తీసుకుంటే, అది ఫోనుకు వాకిలి లాంటిది. ఎవరో మోసపు సెన్సర్ పెట్టి లోపలికి దూరకుండా కాపాడాలి. కానీ అలా కాపాడటానికి ఎంతదూరం పోవాలి? 2016లో వేలిముద్ర బటన్‌ను బయట మార్పించుకున్న ఐఫోన్లు అప్‌డేట్ తరవాత "ఎర్రర్ 53" చూపించి పూర్తిగా మొరాయించాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. జనం మండిపడ్డాక యాపిల్ క్షమాపణ చెప్పి, ఫోను పనిచేసేలా, వేలిముద్ర ఒక్కటే పనిచేయకుండా ఉండేలా సవరించింది. భద్రతకు కావలసింది మొదటినుంచీ అంతే. బయట బాగుచేయించారన్న కారణంతో సేవలు నిరాకరించి వినియోగదారులను తప్పుదారి పట్టించినందుకు ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు 2018 జూన్‌లో యాపిల్‌కు 90 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది.

భాగాలకు తాళం వెయ్యకపోతే దొంగిలించిన ఫోన్లను ముక్కలు చేసి అమ్ముకుంటారు గదా అన్నది ఇంకో గట్టి ఆక్షేపణ. ఫోను పోయినవాడి బాధ చిన్నది కాదు కాబట్టి దీనికీ సమాధానం వెతకాలి. ఆ సమాధానం యాపిలే చూపించింది. ఐఫోన్ 15తో మొదలుపెట్టి, వాడిన అసలు భాగాలను ఇంకో ఫోనుకు వేసుకోనిస్తామని 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది. అదే సమయంలో, పోయిందని యజమాని తాళం వేసిన ఫోను నుంచి తీసిన భాగాన్ని మాత్రం అడ్డుకునే ఏర్పాటు చేసింది. దొంగసొత్తు ఆగింది, పాత ఫోను తెర కొత్త ఫోనుకు పనికొచ్చింది. రెండూ ఒకేసారి సాధ్యమేనని తేలింది. అలాంటప్పుడు ఇన్నేళ్లూ రెండోది ఎందుకు ఆగిందన్న ప్రశ్న భద్రతతో తేలేది కాదు.

విప్పే ఫోనులోకి నీళ్లు పోతాయన్న వాదనా అలాంటిదే. 2024 ఫిబ్రవరిలో శాంసంగ్ సుమారు 27 వేల రూపాయలకు ఎక్స్‌కవర్7 అనే ఫోనును మన దేశంలో విడుదల చేసింది. వెనక మూత గోటితో ఊడదీసి బ్యాటరీ మార్చుకోవచ్చు. అయినా నీళ్లకూ దుమ్ముకూ తట్టుకునే ఐపీ68 గుర్తింపు ఉంది. కర్మాగారాలు, గిడ్డంగులు నడిపే సంస్థల కోసం దాన్ని తయారుచేశారు. సంస్థ అడిగితే దొరికే సౌకర్యం ఆ సంస్థలో పనిచేసే మనిషి సొంతంగా కొనుక్కునే ఫోనులో లేకపోవడానికి సాంకేతిక కారణమేదీ కనిపించదు. నూగూ నూనే ఎగిరే ఖాతాలో పన్నెండు గంటలు ఉండే ఫోనుకు ఆ సౌకర్యం అందరికన్నా ఎక్కువ అవసరం.

బ్యాటరీ ప్రాణాలకు సంబంధించిన విషయం కూడా. పిక్సెల్ 6ఏ ఫోన్లు కొన్ని వేడెక్కుతున్నాయని 2025 జులైలో గూగుల్ తప్పనిసరి అప్‌డేట్ పంపింది. 400 సార్లు చార్జింగ్ దాటిన ఆ ఫోన్లలో బ్యాటరీ సామర్థ్యం తగ్గిపోయింది. ప్రమాదాన్ని ఆపడానికి అది అవసరమే కావచ్చు, ఉచితంగా బ్యాటరీ మారుస్తామని కూడా గూగుల్ చెప్పింది. అదే బ్యాటరీ మూత తీసి మార్చుకునేదై ఉంటే, రాత్రికి రాత్రి దూరం నుంచి ఫోను శక్తి తగ్గించే పని పడేది కాదు. మరమ్మతుకు లొంగని వస్తువు భద్రతకు కూడా లొంగదు.

మన దగ్గర ఈ దిశగా అడుగులు పడ్డాయి. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరు 24న జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు పోర్టల్ తెరిచింది. 2025 నివేదిక ఫోనుకు మార్కులు వేయడానికి ఆరు అంశాలు తీసుకుంది: ఎంత సులువుగా విప్పవచ్చు, మరమ్మతు సమాచారం ఇస్తారా, విడిభాగాలు సకాలంలో దొరుకుతాయా, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, పనిముట్లు, స్క్రూల వంటి బిగింపులు. అప్‌డేట్లను మరమ్మతు లెక్కలో చేర్చడం మంచి ఆలోచన. కానీ మార్కులు కంపెనీలు తమకు తామే వేసుకుని ప్రకటించే పద్ధతి అది. ఎవరైనా తనిఖీ చేసి తప్పు తేలితే శిక్ష ఉండాలి, లేదంటే పెట్టె మీద ఇంకో అంకె చేరుతుంది అంతే. ఆరు అంశాల్లో విడిభాగం ధరకు విడిగా చోటు లేకపోవడం ఇంకా పెద్ద లోటు. లింబాయత్ దుకాణం ముందు మనిషి ఆగిపోయేది ధర దగ్గరే.

బాక్సు: ఐరోపాలో ఇలా

2025 జూన్ 20 నుంచి ఐరోపా సమాఖ్యలో అమ్మే ఫోన్లకు కొత్త నియమాలు వచ్చాయి. మోడల్ అమ్మకాలు ఆగాక కూడా 5 ఏళ్లు అప్‌డేట్లు, 7 ఏళ్లు ముఖ్యమైన విడిభాగాలు ఇవ్వాలి. బ్యాటరీ 800 సార్లు చార్జింగ్ తరవాత కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి. విడిభాగాన్ని జతకలపడానికి సాఫ్ట్‌వేర్ అవసరమైతే అది బయటి వృత్తి మెకానిక్కులకూ అందాలి. ఫోను లేబుల్ మీద మరమ్మతు తరగతి ఉంటుంది. ఫ్రాన్సు అయితే 2021 జనవరి నుంచే మరమ్మతు మార్కులు తప్పనిసరి చేసింది. అవే కంపెనీలు మన దేశంలోనూ అమ్ముతున్నాయి.

పెత్తనం ఎవరిది?

ఫోను మీద పెత్తనం అనగానే అది కంప్యూటర్ చదువుకున్న కుర్రాళ్ల సరదా అనుకుంటారు. సూరత్‌లో కిస్తీల మీద ఫోను కొన్న కార్మికుడిని అడిగితే అదేమిటో బాగా తెలుస్తుంది. కిస్తీ తప్పితే దూరం నుంచే ఫోనుకు తాళం పడే యాప్‌ను కొన్ని రుణసంస్థలు అమ్మేరోజే అందులో పెట్టించేవి. 2024లో రిజర్వు బ్యాంకు దాన్ని ఆపించింది. కొన్ని షరతులతో మళ్లీ అనుమతించే ఆలోచనలో ఉందని 2025 సెప్టెంబరులో వార్తలొచ్చాయి, పరిశీలిస్తున్నామని గవర్నర్ సంజయ్ మల్హోత్రా అక్టోబరు 1న చెప్పారు కూడా. అప్పు తీర్చాలి, అందులో సందేహం లేదు. కానీ మీటర్ల కూలి యూపీఐలో పడే మనిషి ఫోను బిగిస్తే, అప్పు తీర్చే దారినే బిగించినట్టు. పైగా దూరం నుంచి ఫోనుకు తాళం వేయగల యాప్‌కు ఆ ఫోనులో ఎంత అధికారం ఉండాలో ఆలోచించండి. ఆ రుణసంస్థ కంప్యూటర్లలోకి ఎవరైనా దూరితే ఆ అధికారమంతా వాళ్లదే. ఇది భద్రతకు పూర్తిగా వ్యతిరేకం.

యజమానికి మేలుచేసే తాళాలూ ఉన్నాయి. ఫోను ఎత్తుకుపోయి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టినా పాత జీమెయిల్ అడిగే ఎఫ్‌ఆర్‌పీ తాళం అలాంటిది. దొంగకు ఆ ఫోను ఇటుకరాయితో సమానం. అయితే మన వాడల్లో కొత్త ఫోనుకు జీమెయిల్ తెరిచేది చాలాసార్లు దుకాణం కుర్రాడే. పాస్‌వర్డ్ అతను మర్చిపోతాడు, యజమానికి అసలే తెలియదు. ఏ ఏడాదో రీసెట్ కొట్టవలసి వస్తే సొంత ఫోనే సొంతదారును దొంగలా చూస్తుంది. ఇక్కడ తాళం మంచిదే, చెవి చేతికి రాలేదు. దీనికి చట్టాలు అక్కర్లేదు, కొన్నరోజు పది నిమిషాలు దగ్గర కూర్చుని నేర్పే మనిషి చాలు. లింబాయత్‌లో పద్మశాలి సంఘాలున్నాయి, తెలుగు బడుల ఉపాధ్యాయులున్నారు. వాళ్లు తలచుకుంటే ఒక్క ఆదివారంలో ఎన్నో ఇళ్లకు ఈ పని అవుతుంది.

బయటి నుంచి యాప్‌లు పెట్టుకునే స్వేచ్ఛ గురించి అసలైన చిక్కు ఉంది. పెళ్లి శుభలేఖ అంటూ, ట్రాఫిక్ చలానా అంటూ, పీఎం కిసాన్ అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు నొక్కి, ఓటీపీలు దొంగ చేతికిచ్చి ఖాతా ఖాళీ చేసుకున్నవాళ్లు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు, సూరత్‌లోనూ ఉన్నారు. సైబర్ మోసాల్లో దేశం 2024లో రూ. 22,845 కోట్లు పోగొట్టుకుందని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. అంతకుముందు ఏడాది అది రూ. 7,465 కోట్లు. ఇంత నష్టం చూశాక ఆ దారి మూసెయ్యమనడం సహజం. కానీ ఆ డబ్బంతా ఏపీకేల వల్లే పోలేదు. డిజిటల్ అరెస్టు అని బెదిరించేవాడు వాట్సాప్ వీడియో కాల్ వాడతాడు. లాభాల ఆశ చూపే పెట్టుబడి మోసగాడు టెలిగ్రామ్ వాడతాడు. రెండూ ప్లేస్టోర్ నుంచి వచ్చిన యాప్‌లే. మోసానికి అసలు ద్వారం భయమూ ఆశానూ.

అయినా ఏపీకే ప్రమాదం నిజమే కాబట్టి దానికి అడ్డుకట్ట ఉండాలి. బయటి నుంచి వచ్చిన యాప్ ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి లాంటివి అడిగితే ఆపే ఏర్పాటును గూగుల్ 2024లో మన దేశంలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. అది సరైన దారి, ప్రమాదం ఉన్నచోటే అడ్డుపడుతుంది. ప్రతి డెవలపరూ గూగుల్ దగ్గర నమోదు కావాల్సిందేనన్న కొత్త నియమం వేరు. బ్రెజిల్, ఇండొనేసియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లలో 2026 సెప్టెంబరు నుంచి, తరవాత ప్రపంచమంతటా అన్నది గూగుల్ ప్రకటించిన పథకం. నిరసనలొచ్చాక, తెలిసినవాళ్లు హెచ్చరికలు దాటి ముందుకు వెళ్లే మార్గం ఉంచుతామని 2025 నవంబరులో చెప్పింది. ఆ మార్గం ఎంత వెడల్పుగా ఉంటుందన్నదే ముఖ్యం. గూగుల్ ఆధిపత్యంపై మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో రూ. 1,337.76 కోట్ల జరిమానా వేసింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రైబ్యునల్ జరిమానాను నిలబెట్టింది గానీ, బయటి యాప్‌లకు అడ్డుచెప్పరాదన్న ఆదేశాన్ని పక్కనపెట్టింది. అంటే ఆ తలుపు తెరిచి ఉంచే బాధ్యత ఈ దేశంలో ప్రస్తుతానికి కంపెనీ దయమీద ఉంది.

సంచార్ సాథీ విషయంలోనూ కొలబద్ద ఇదే. పోయిన ఫోనును బ్లాక్ చేయించడానికి, మన పేరుమీద ఎన్ని సిమ్‌లున్నాయో చూడటానికి అది నిజంగా పనికొచ్చే సేవ. సెకండ్‌హ్యాండ్ ఫోన్లు కొనే సూరత్ కార్మికుడికి మరీ ముఖ్యం. కానీ యాప్ సదుపాయాలను ఆపడానికి వీలుండకూడదన్న మాట ఆదేశంలో చేరేసరికి మంచి సేవ కూడా అనుమానంపాలైంది. ఇష్టం లేకపోతే తీసేయవచ్చని మంత్రి సింధియా చెప్పవలసి వచ్చింది. ఆదేశం ఉపసంహరించిన రోజు ప్రభుత్వమే ఇచ్చిన వివరం ప్రకారం, అప్పటికే 1.4 కోట్లమంది ఆ యాప్‌ను తమంతట తామే దించుకున్నారు. ఉపయోగం కనిపిస్తే జనం బలవంతం లేకుండానే తీసుకుంటారు.

బాక్సు: బాగుచేయడానికి ఇచ్చేముందు

ఫోనుతోపాటు పిన్ నంబరు కూడా చీటీమీద రాసివ్వడం మనకు అలవాటు. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ల్యాప్‌టాప్‌లను మరమ్మతుకిచ్చి గమనిస్తే, కొన్ని దుకాణాల్లో సొంత ఫొటోలు తెరిచి చూశారనీ, ఆడవాళ్లవిగా కనిపించేవాటిలో అది ఎక్కువనీ 2022లో తేలింది. శాంసంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఆన్ చేస్తే మన ఫొటోలూ యాప్‌లూ కనిపించకుండా ఫోనును పరీక్షించవచ్చు. మీ ఫోనులో అలాంటిది లేకపోతే ఎదురుగా నిలబడి చేయించుకోవడమే మేలు. నమ్మకమైన మెకానిక్కు అందుకు కాదనడు.

అప్‌డేట్లు ఆగిన రోజు

ఇక చివరి తాళం, అన్నిటికన్నా లోపలిది: బూట్‌లోడర్. ఫోను ఆన్ కాగానే, లోపల ఉన్నది కంపెనీ ముద్ర ఉన్న సాఫ్ట్‌వేరేనా అని చూసేది ఇదే. భద్రతకు ఇది పునాది, అనవసరమని ఎవరూ అనలేరు. కానీ దీని చెవి కూడా యజమానికి ఇవ్వవచ్చు. పిక్సెల్ ఫోన్లలో గూగుల్ ఆండ్రాయిడ్‌ను తీసేసి గ్రాఫీన్ ఓఎస్ లాంటి మరో వ్యవస్థను పెట్టుకుని, ఆ వ్యవస్థ ముద్రతోనే మళ్లీ తాళం బిగించవచ్చు. తనిఖీ యథాతథంగా జరుగుతుంది, భద్రతకు లోటు రాదు. పెత్తనమూ భద్రతా ఒకే ఒరలో ఇముడుతాయని ఇంతకంటే రుజువు అక్కర్లేదు. అయినా కంపెనీలు ఎదురుదారి పట్టాయి. బూట్‌లోడర్ తెరిచే వీలును శాంసంగ్ 2025లో వన్ యూఐ 8తో తీసేసింది. షావొమీ షరతులు బిగిస్తూ వచ్చింది.

నూటికి తొంభైతొమ్మిది మందికి ఈ చెవితో పనిలేదు, నిజమే. మరమగ్గం నడిపేవాడు గ్రాఫీన్ ఓఎస్ పెట్టుకోడు, పెట్టుకొమ్మని చెప్పడమూ సరికాదు. రోజూ యూపీఐ వాడే మనిషి అప్‌డేట్లు అందుతున్నంతకాలం ఆ తాళం తియ్యకపోవడమే మంచిది. కొనేటప్పుడు అతని క్రమం అప్‌డేట్ల తేదీ మొదట, సామాను దొరకడం తరవాత, మిగతావన్నీ ఆ తరవాత అనే ఉండాలి. కానీ అప్‌డేట్లు ఆగిన మర్నాడు సంగతేమిటి? కంపెనీ ఆ ఫోనును వదిలేసింది, చెవి మాత్రం వదల్లేదు. లీనియేజ్ ఓఎస్ లాంటి ఉచిత వ్యవస్థలతో ఎన్నో పాత ఫోన్లకు భద్రతా అప్‌డేట్లు మళ్లీ అందించవచ్చు. తెర బాగున్న, బ్యాటరీ మార్చిన ఫోనును అలా సందు మలుపులోని మెకానిక్కే ఇంకో మూడేళ్లు నడిపించగలడు. బూట్‌లోడర్ తెరుచుకోకపోతే అతని చేతులు కట్టేసినట్టే. అప్‌డేట్ల గడువు ముగిసిన రోజున ఆ చెవి యజమానికి అప్పగించి తీరాలన్న నియమం మరమ్మతు సూచికలో ఏడో అంశంగా చేరాలి. అప్పటికి కంపెనీ కాపాడుతున్నది ఏమీ మిగలదు కాబట్టి భద్రత పేరుతో కాదనడానికి వాళ్లకూ కారణం ఉండదు.

అది ఒక్కటీ చాలదు. తెరిచిన ఫోనులో బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు చాలావరకు పనిచేయవు. ఫోను కనీస భద్రతా ప్రమాణాలకు సరిపోతేనే యాప్ నడవనివ్వాలని 2021 ఫిబ్రవరి నాటి రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు బ్యాంకులకు చెబుతున్నాయి. దాని కోసం చాలా యాప్‌లు ఆధారపడేది గూగుల్ నడిపే తనిఖీ మీద. గూగుల్ ధ్రువీకరించిన ఫోనైతే నాలుగేళ్లుగా ఒక్క అప్‌డేటూ అందకున్నా చాలా యాప్‌లు రానిస్తాయి, గ్రాఫీన్ ఓఎస్ లాంటిది పెట్టి, నిన్నటి అప్‌డేట్‌తో మళ్లీ తాళం బిగించిన ఫోను బయట ఆగిపోతుంది. ఈ తనిఖీ చూస్తున్నది ఎవరి ముద్ర ఉందని, ఎంత భద్రంగా ఉందని కాదు. రిజర్వు బ్యాంకు, యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ కలిసి చివరి అప్‌డేట్ తేదీని, బూట్‌లోడర్ తాళం బిగించి ఉందా లేదా అన్నదాన్ని కొలమానంగా పెడితే, కంపెనీ వదిలేసిన ఫోనుకు మళ్లీ గల్లాపెట్టె అయ్యే యోగ్యత వస్తుంది. ఆ రెండు వివరాలను తారుమారు చేయడానికి వీల్లేకుండా చెప్పగల ఏర్పాటు ఆండ్రాయిడ్ ఫోన్ల చిప్‌లలో ఇప్పటికే ఉంది. అడగవలసింది బ్యాంకులు, అడగమని చెప్పవలసింది రిజర్వు బ్యాంకు.